గంగయా? గోదావరియా?



మన పల్లెల పేరులు కొన్ని తమ యర్థమును తామే చెప్పుకొనును. జమ్మికుంట యన్నంతనే జమ్మిచెట్టును, దాని చెంత నొక నీటికుంటయు కన్నులకు గట్టును. అందులకు నిఘంటువు వెదకనక్కఱలేదు. మానేరు అన్నచో మొదటి భాగము మాట యెట్లున్నను, చివరనున్నది 'ఏఱు' అని బడికి పోవు బాలుడైనను చెప్పగలడు. కాని యా మానేరు పోయి కలియు మహానది సంగతి వేఱు. దానికి పుస్తకములలో నొక పేరు, మన పెద్దల నోట నొక పేరు. పుస్తకములలో అది గోదావరి. ధర్మపురి మొదలు మంథని వఱకు, అవతలి యొడ్డున నిర్మల, లక్షెట్టిపేట, మంచిర్యాల ప్రాంతములలోను, వృద్ధులు దానిని గంగ యనియే పిలుతురు. "గంగకు పోయి వచ్చితిమి" అని వారన్నచో కాశికి పోయి వచ్చిరని యెవ్వరును తలపరు. ధర్మపురికో, మంథనికో, కాళేశ్వరమునకో పోయి మునిగి వచ్చిరని తెలిసికొందురు.

ఈ రెండు పేరులలో నేది సరియైనది? గంగ యనుట తెలియనివారి పొరపాటా? లేక దానికి మూలము కలదా? నేటి ప్రసంగమున నీ ప్రశ్నను విచారింప దలచితిని.

ఇది ప్రొద్దుపోక చేయు చర్చ కాదని మొదటనే మనవి చేయుచున్నాను. ఒక యింట వృద్ధుడు కన్నుమూయుటకు ముందు "నా యస్థులను గంగలో కలుపుడు" అని కుమారులతో చెప్పెననుకొనుడు. పెద్ద కుమారుడు ధర్మపురి యనును. పట్టణమున చదివిన చిన్నవాడు కాశి యనును. అప్పు చేసియైనను కాశికి పోకున్న తండ్రిమాట దప్పినట్లగునని అతని భయము. ఏటియొడ్డు గ్రామమున పాత దస్తావేజు నొకదానిని విప్పి చూచితిమనుకొనుడు. నాలుగు హద్దులు వ్రాయుచు ఒక దిక్కున 'గంగ' అని యున్నది. ఆ మాట యర్థము తెలియనివాడు ఆ హద్దును గుర్తింపలేడు. పేరు మఱచినచో తండ్రిమాటయు సందేహమున బడును, భూమిహద్దును సందేహమున బడును. కావున కొంచె మోపికతో వినుడు.

మొదట గోదావరి శబ్దమును విచారింతము. 'గో' యన ఆవు అని అందఱు నెఱుగుదురు. సంస్కృతమున నా శబ్దమునకు భూమి, వాక్కు, కిరణము, స్వర్గము, జలము అను అర్థములును కలవు. 'దా' యనునది యిచ్చుట యను నర్థము గల ధాతువు. దానిపై 'వన్' అను ప్రత్యయము చేరగా 'దావన్' అనగా ఇచ్చువాడు అని యేర్పడును. 'వన్' అంతమందు గల శబ్దము స్త్రీలింగమగునపుడు 'ఈ' ప్రత్యయము వచ్చి, నకారము రేఫముగ మారునని పాణిని విధించెను. 'పీవన్' అను శబ్దము 'పీవరీ' యైనట్లే 'దావన్' అనునది 'దావరీ' యగును. గోవు నిచ్చునది, జలము నిచ్చునది, స్నానమాత్రమున స్వర్గము నిచ్చునది గోదావరి యని పెద్దలు వివరించిరి. గోవు నిచ్చువారిలో వర, అనగా శ్రేష్ఠురాలు, కావున గోదావరి యని చెప్పువారును కలరు. వినుట కదియు ఇంపుగనే యుండును గాని, వ్యాకరణమార్గమునకు మొదటిదే యనుకూలము. ఏ త్రోవను బోయినను 'ఇచ్చునది' యను భావము మాత్రము విడువదు. ఇచ్చునది యేమని యడిగిన కర్షకుడు జలమనును, భక్తుడు స్వర్గమనును. 'గో' శబ్దమున రెండును ఇమిడియున్నవి గాన ఇరువురి మాటయు చెల్లును.

ఈ పేరు మిక్కిలి ప్రాచీనము. వాల్మీకి రామాయణమున సీతారాములు పర్ణశాల గట్టుకొన్న పంచవటి గోదావరీతీరమునందే యున్నది. రావణుడు గొనిపోవునపుడు సీత తన సంగతి రామునకు దెలుపుమని గోదావరిని వేడుకొనెను. పిదప రాముడు వచ్చి యడుగగా ఆ నది రావణునకు వెఱచి నోరు విప్పలేదని కవి చెప్పెను. అదే కావ్యమున రాముడు గుహుని నావపై దాటిన గంగ వేఱు, పంచవటి చెంతనున్న గోదావరి వేఱు. ఆదికావ్యమున నీ రెండు నదులు రెండు పేరులతో స్పష్టముగ నుండుట మనము మఱువరాదు.

బౌద్ధుల పాలిగ్రంథమైన సుత్తనిపాతమున నీ నది పేరు 'గోధావరీ' యని ధకారముతో కానవచ్చును. కోసలదేశమునుండి వచ్చిన బావరి యను బ్రాహ్మణుడు అస్సక దేశపు సీమలో నీ నదియొడ్డున నివసించెననియు, తన శిష్యులు పదునార్గురను బుద్ధుని కడకు పంపెననియు అందు గలదు. నిర్మల ప్రాంతమున గోదావరి రెండు పాయలై చుట్టిన బాదనకుర్తి దీవియే బావరి నివాసమని చరిత్రకారులు కొందఱు నిర్ణయించిరి. ఈ గుర్తింపు నిజమైనచో గోదావరి పేరు గ్రంథమున కెక్కిన తొలినాటి తావులలో నొకటి మన యేటి నడుమనే యున్నదన్నమాట.

ప్రాకృతకవుల చేతిలో నీ పేరు మఱింత కుఱుచయైనది. సంస్కృతమున గోదావరిని 'గోద' యనియు అందురు. ప్రాకృతమున దకారము కొన్నిచోట్ల లకారమగును. ప్రదీప్తము 'పలిత్త' మైనట్లును, దోహదము 'దోహల' మైనట్లును 'గోద' యనునది 'గోల' యైనది. హాలసాతవాహనుని పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో గోలానది, దాని గట్టు, గట్టుమీది పొదలు, ఆ పొదల చాటున జరుగు పల్లెటూరి ముచ్చట్లు పలుమాఱు వచ్చును. ఆ సాతవాహనుల నాణెములు మన కోటిలింగాలలో దొరకినవి. వానిలో ఆ వంశమునకు మూలపురుషుడైన ఛిముకుని పేరు గలవియు నున్నవి. పెద్దవాగు గోదావరిలో కలియు చోట ఆ కోట యుండెను. కావున గోలానది పాటలు మన యేటిని, మన గట్లను ఎఱిగిన కాలపు పాటలే.

ఇంతవఱకు గంగ మాట రాలేదు. అది యెక్కడనుండి వచ్చినది?

గౌతమమహర్షి కథ మీ రందఱు నెఱిగినదే. కఱవుకాలమున ఆయన తన తపోబలముచే పంట పండించి మునుల నెల్ల పోషించెను. అసూయాపరుల మూలమున మాయగోవొకటి ఆ చేనిలో బడెను. దానిని తోలుటకై ఆయన విసరిన దర్భ తగిలి యది నేలకూలెను. ఆ గోహత్యాదోషము పోగొట్టుకొనుటకై గౌతముడు త్ర్యంబకమున శివుని గూర్చి తపము చేసి, జటలలోని గంగను బ్రహ్మగిరిపై దింపించెను. ఆ నీరు గోవుపై బాఱగా నది బ్రదికెను. అందుచే నా నది గౌతమి యయ్యెను, గోవు నిచ్చినది గాన గోదావరియు నయ్యెను. కొవ్వూరున గోష్పాదక్షేత్రము నేటికిని ఈ కథకు గుఱుతుగ నున్నది.

బ్రహ్మపురాణమున గౌతమీమాహాత్మ్యమను భాగము నూఱు అధ్యాయములకు మించి యున్నది. అందు శివుని జటలనుండి వెడలిన గంగ రెండు భాగములయ్యె నని చెప్పబడినది. ఒక భాగమును బ్రాహ్మణుడైన గౌతముడు తెచ్చెను. మఱియొక భాగమును క్షత్రియుడైన భగీరథుడు తెచ్చెను. వింధ్యమునకు దక్షిణమున పాఱు గంగకు గౌతమి యని పేరు, ఉత్తరమున పాఱు గంగకు భాగీరథి యని పేరు. ఈ మాటను జాగ్రత్తగ గమనింపుడు. పురాణము చెప్పిన ప్రకారము గంగ యనునది రెండింటికిని ఉమ్మడి పేరు. ఒకదానిని మఱియొకదానినుండి వేఱు చేయునది తెచ్చినవాని పేరు. ఒకే యింటిపేరు గల అన్నదమ్ములను వారి సొంత పేరులతో గుర్తించినట్లే యిదియు.

కావున మన వృద్ధులు గంగ యని పిలుచుట పురాణసమ్మతము. అది యజ్ఞానముచే గలిగినది కాదు.

ఈ వాడుక మన యొక్క ప్రాంతమున మాత్రమే యున్నదా యని సందేహము గలుగవచ్చును. ఏటివెంట పైకి పోయి చూతము. గోదావరి 1465 కిలోమీటరుల పొడవు గల నది. త్ర్యంబకమున పుట్టి మహారాష్ట్రదేశమంతయు దాటి కందకుర్తి కడ మంజీరను కలుపుకొని తెలంగాణమున ప్రవేశించును. నాసికమునకు పైన దానిపై గట్టిన జలాశయము పేరు గంగాపురము. పరభణీ మండలమున నదియొడ్డు పట్టణము గంగాఖేడ. జనాబాయి యను భక్తురాలు పుట్టిన యూరది. ఆ యేటిగట్టు సీమ నంతటిని మహారాష్ట్రులు 'గంగథడి' యందురు. థడి యన గట్టు. అందలి గంగ గోదావరియే గాని కాశీగంగ కాదు.

మఱియొక సాక్ష్యము. అక్బరు చక్రవర్తి కొలువున నున్న అబుల్ ఫజల్ పదునాఱవ శతాబ్ది చివర ఐనె అక్బరీ యను గ్రంథమును వ్రాసెను. అందు బెరారు సుబాను వర్ణించుచు, అచ్చటి నదులలో ముఖ్యమైనది గంగాగౌతమి యనియు, దానికే గోదావరి యను పేరును గలదనియు, ఉత్తరపు గంగకు మహాదేవునితో సంబంధ మెట్టిదో దీనికి గౌతమమునితో అట్టి సంబంధము గలదనియు తెలిపెను. ఢిల్లీ ఆగ్రాల వైపున నుండి పారసీకమున వ్రాసిన పండితునకు సైతము మన యేటి గంగానామము చేరినదన్నమాట. దక్కను సుల్తానుల చరిత్రలు చదువువారికి ఇది ముఖ్యము. అందు గంగ దాటిన సైన్యము కనబడినంతనే అది కాశీప్రాంతమునకు పోయెనని తలపక, ఏ గంగయో విచారింపవలెను.

శాస్త్రముతో బాటు నాలుక నడచు త్రోవయు నొకటి కలదు. గంగ యను మాట కాలక్రమమున ఒక్క నదికి పేరై నిలువక, పెద్ద యేటికెల్ల సామాన్యనామమై పోయినది. మనకు ఉత్తరమున ఆదిలాబాదు సరిహద్దుగ పాఱు నది పెన్‌గంగ. అది వార్ధాలో కలియును. వార్ధా వైనగంగతో కలిసి ప్రాణహిత యగును. ఆ ప్రాణహిత కాళేశ్వరము కడ గోదావరిలో చేరును. సముద్రము దాటి సింహళమునకు పోయినను అచ్చట నదికి గంగ యనియే పేరు. వారి పెద్ద నది మహవేలి గంగ. శ్రీశైలమున కృష్ణానదిని పాతాళగంగ యందురు. తిరుమల కొండపై ధార ఆకాశగంగ. బావి త్రవ్వునపుడు నీరు పడినచో గంగ వచ్చినదందురు. నీటిని నమ్మి బ్రదుకు బెస్తలు తాము గంగపుత్రులమని చెప్పుకొందురు. పోయి మఱి రాని సొమ్ము గంగ పాలైనదని మన జాతీయము. ఇన్ని చోట్ల గంగ యనగా నీరు, పవిత్రమైన నీరు. ఇట్టి వాడుక గల సీమలో నున్న ప్రజలు తమ కన్నులయెదుట పాఱు మహానదిని గంగ యనకుండుటయే వింత.

కాళేశ్వరమున నీ భావము మఱింత స్పష్టమగును. గోదావరీ ప్రాణహితలు కలియు నా చోట అంతర్వాహినిగ సరస్వతి యున్నదని నమ్మి దానిని త్రివేణీసంగమమందురు. 2025 మే నెలలో సరస్వతీపుష్కరములు అచ్చటనే జరిగినవి. ఒకే పానవట్టమున రెండు లింగములు గల ఆ క్షేత్రము, శ్రీశైల ద్రాక్షారామములతో గూడి త్రిలింగదేశమునకు ఎల్లయని విద్యానాథుని ప్రతాపరుద్రీయమున నున్నది. ప్రయాగకు దీటుగ మన సంగమమును తలచినపుడు, ప్రయాగలో గంగ యెట్టిదో ఇచ్చట గోదావరి యట్టిదని వేఱుగ చెప్పవలెనా?

ఐనను ఎల్లచోట్లను గంగ యని వ్రాసిన చిక్కులు వచ్చును. ఇదియు న్యాయముగ చెప్పవలసినదే. పుష్కరములను తీసికొనుడు. బృహస్పతి మేషరాశిలో ప్రవేశించినపుడు గంగాపుష్కరము. సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరీపుష్కరము. 2015 జూలైలో మనము మునిగినది గోదావరీపుష్కరమున. 2023 ఏప్రిలులో కాశికి జనులు పోయినది గంగాపుష్కరమునకు. పండ్రెండేండ్ల లెక్కన గోదావరికి మరల 2027లో రావలెను. ఇచ్చట పంచాంగకర్త రెండు పేరులను కలిపివేసినచో లోకులు ఏ యేట ఏ యేటికి పోవలెనో యెఱుగరు. స్నానసమయమున తలచు నదుల వరుసలోను గంగ, యమునల తరువాత గోదావరి వేఱుగ వచ్చును.

వివాహముహూర్తముల విషయము ఇంకను ముఖ్యము. గురుడు సింహరాశియం దున్నపుడు వివాహము చేయరాదని శాస్త్రమున నొక నిషేధము కలదు. అది సర్వదేశములకు చెల్లునది కాదనియు, గోదావరి ఉత్తరతీరము మొదలు గంగ దక్షిణతీరము వఱకు గల దేశమునకే చెల్లుననియు ఆ శాస్త్రమే హద్దులు చెప్పెను. మన పెద్దలు దీనిని విన్నపుడు, "గంగయన్నను గోదావరియన్నను ఒకటియే కదా, రెంటి నడుమ దేశమేమి?" అని యడుగవచ్చును. 1600 ప్రాంతమున కాశిలో ముహూర్తచింతామణిని రచించిన రామదైవజ్ఞుడు ఈ చిక్కునకు చోటియ్యలేదు. దక్షిణపు హద్దునకు గోద యనియు, ఉత్తరపు హద్దునకు భాగీరథి యనియు పేరులు పెట్టెను. గంగ యని వ్రాయలేదు. ఉమ్మడి పేరును విడిచి సొంత పేరును గ్రహించెను. బ్రహ్మపురాణము చూపిన భేదమునే శాస్త్రకారుడు ఆచరించి చూపెను. ఏటికి దక్షిణమున నున్న జమ్మికుంట, హుజూరాబాదు వారికి ఆ నిషేధము తగులదు. అవతలి యొడ్డు వారికి తగులును. ఒక్క పేరు సరిగ వాడుటలో నొక సంవత్సరపు పెండ్లిండ్లు ఇమిడియున్నవి.

ఇక ఏటివెంట క్రిందికి పోదము. రాజమహేంద్రవరమునకు దిగువ ధవళేశ్వరము దాటిన పిదప నది గౌతమి, వసిష్ఠ యను పాయలుగ చీలును. ఏడు పాయలకు తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ యని పేరులు చెప్పుదురు. 'సప్తగోదావర' మను సమాసమును వ్యాకరణవ్యాఖ్యాతలు 'పంచనద' మనుదానితో బాటు ప్రత్యేకముగ సాధించి చూపిరి. ద్రాక్షారామమున నొక పుష్కరిణి కాపేరే యున్నది. అచ్చటి ప్రజల నోట గోదావరి నడిమి వకారము జాఱి 'గోదారి' యైనది. కుక్కతోక పట్టుకొని గోదారి యీదినట్లను సామెత తెలుగుదేశమంతట నున్నది. గౌతమి యను పేరు అచ్చట ఒక పాయకు చేరినది. మన వైపున నది నది యంతటికిని పేరు. పేరు ఒకటే, పరిధి వేఱు. దీనిని గమనింపక చదువువారు పాత గ్రంథములలో గౌతమి యని యున్నచోటనెల్ల తూర్పుతీరమునే తలచి పొరబడుదురు.

దొరతనము వారి వ్రాతలచే గోదావరి పేరునకు క్రొత్త బలము వచ్చినది. ఆర్థర్ కాటను పూనికతో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఆ పేరును దేశదేశములకు చాటినది. 1859లో గోదావరి జిల్లా యేర్పడినది. 1925లో పశ్చిమగోదావరి జిల్లా వేఱుపడినది. నాటినుండి గోదావరి వారన్న తీరాంధ్రులే యను భావము తెలుగువారి మనసున నాటుకొన్నది. మన వైపున నిజాము రాజ్యమున హైదరాబాదునుండి మన్మాడునకు వేసిన రైలుమార్గమునకు గోదావరీలోయ పేరు పెట్టిరి. పిదప బొగ్గుగనుల చెంత వెలసిన పట్టణము గోదావరిఖని యైనది. ఇట్లు రాజముద్ర పడిన చోటనెల్ల గోదావరియే నిలిచెను. గంగ మాత్రము ఇంటను, పొలమునను, రేవునను మిగిలెను. రాజముద్ర లేని పేరు గాన, నోళ్లలో నున్నంతవఱకే దానికి బ్రదుకు.

ఇందు గల కష్టమును నేను బడిలోనే చూచితిని. ఏటియొడ్డు పల్లెనుండి వచ్చిన యొక బాలుడు వ్యాసమున "మా యూరి ప్రక్కన గంగ పాఱును" అని వ్రాసెను. పరీక్షింప వచ్చిన యొక యధికారి ఆ మాటపై ఎఱ్ఱసిరా గీత గీసి, గంగ ఉత్తరదేశమున నున్నదని ప్రక్కన వ్రాసెను. బాలుడు తలవంచుకొనెను. వాని తాత, ముత్తాత మునిగిన నీటికి వారు పెట్టుకొన్న పేరు ఒక్క గీతతో తప్పైపోయెను. నేను వానిని పిలిచి, "నీ మాట తప్పు కాదు, భూగోళమున వ్రాయునపుడు గోదావరి యనుము, అవ్వతో మాటలాడునపుడు గంగ యనుము" అని చెప్పితిని. వాని మొగము వికసించెను. కాని యట్లు చెప్పువారు లేని బాలు రెందఱో! నేడు మనుమలు అవ్వ నోట గంగ యని వినినచో నవ్వుదురు; అవ్వయు సిగ్గుపడి గోదావరి యని దిద్దుకొనును. పిల్లల యెదుట పెద్దలు తమ మాటను తాము మ్రింగుకొనుట కంటె దుఃఖకరమైన దేమి గలదు? ఒక తరము సిగ్గుపడినచో రెండవ తరమునకు ఆ మాట తెలియనే తెలియదు. అప్పుడు దస్తావేజులోని గంగయు, తాత చివరిమాటలోని గంగయు అర్థము లేని శబ్దములగును.

నీటి నడక సైతము మన కాలమున మాఱినది. 1963 జూలై 26న పోచంపాడున జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట శ్రీరాంసాగరమైనది. అచ్చట బయలుదేఱిన కాకతీయకాలువ గోదావరినీటిని కరీంనగరము చెంత 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయమునకు చేర్చి, అచ్చటినుండి మన హుజూరాబాదు, జమ్మికుంట పొలముల వైపునకు, ఓరుగల్లు వైపునకు సాగును. పూర్వము మానేరు తన నీటిని గోదావరికి ఇచ్చుచుండెను. ఇప్పుడు గోదావరియే వచ్చి మానేటిని నింపుచున్నది. కూతు రింటికి తల్లి వచ్చినట్లున్నది. యెల్లంపల్లి జలాశయపు వెనుకనీటిలో కోటిలింగాల పాతనేల కొంత మునిగినది. 2016లో జిల్లాలు చిన్నవి కాగా ధర్మపురి యొక జిల్లాకు, మంథని యొక జిల్లాకు, కాళేశ్వరము మఱియొక జిల్లాకు పోయినవి. గట్టులు మాఱినవి, హద్దులు మాఱినవి, నీటి త్రోవ మాఱినది. ఇన్ని మార్పుల నడుమ పాతదానిని గుర్తుపట్టుటకు మనకు మిగిలినవి పేరులే.

కావున విచారణ ఫలిత మేమనగా: గోదావరి యనునది ఈ నది ప్రాచీన గ్రంథనామము; ఇచ్చునది యని దాని యర్థము. గంగ యనునది ఉమ్మడి పవిత్రనామము. గౌతముని కథ వలనను, పెద్దయేటికి గంగ యను దేశపు వాడుక వలనను త్ర్యంబకము మొదలు కాళేశ్వరము వఱకు మన యేటికి చెందినది. రెండును సరియైనవే. పంచాంగము, ముహూర్తము, భూగోళము, దస్తావేజు వ్రాయు తావుల గోదావరి యనియే వ్రాయవలెను. ఇంటి మాటలోను, రేవు మాటలోను, దండము పెట్టు మాటలోను గంగ యనుటకు వెనుదీయ నక్కఱలేదు. రెంటికిని పొత్తు కుదుర్ప దలచినచో గౌతమీగంగ యనుడు. అబుల్ ఫజల్ సైతము ఆ పేరే వ్రాసికొనెను.

ఇక నస్థుల మాట. తండ్రి గంగ యన్నచో కుమారు లేమి చేయవలెను? తండ్రి జీవితకాలమంతయు గంగ యని దేనిని పిలిచెనో ఆలోచింపవలెను. ధర్మపురి రేవును గంగ యని పిలిచిన నోటితోనే ఆయన చివరిమాట చెప్పెను. ఆ గౌతమీగంగలో కలిపినచో ఆయన మాటయు దక్కును, పురాణమాటయు దక్కును. శక్తి గలిగి కాశికి పోవువారిని ఎవ్వరును వలదనరు. కాని పోలేని పేదవాడు తండ్రికి లోటు చేసితినని కుములవలసిన పని లేదు.

పెద్దలకు నాదొక్క విన్నపము. మీ యిండ్లలోని పాతకాగితములు చిరుగుచున్నవని క్రొత్తగ నకలు వ్రాయించునపుడు, గంగ యని యున్నచోట ఆ మాటను కొట్టివేయింపకుడు. ఉన్నది ఉన్నట్లు వ్రాయించి, ప్రక్కన గోదావరి యని గుఱుతు పెట్టించుడు. రాబోవు పుష్కరములకు మనుమలను రేవునకు తీసికొని పోయినపుడు, నీట దిగుటకు ముందు రెండు పేరులును చెప్పుడు. పేరు చెప్పినపుడు బ్రహ్మగిరి కథయు, గోలానది పాటలు పాడినవారి మాటయు, బాదనకుర్తి బావరి మాటయు కొంచె మైనను చెప్పుడు. అది మీరు తప్ప వేఱెవ్వరును చెప్పలేని పాఠము.